ఎండలు ముదరకముందే కారు ఏసీ: ఏ మీట ఎప్పుడు, ఎందుకు

ముందుగా ఒక పరీక్ష చేయండి. ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసి, టెంపరేచర్ నాబ్‌ను పూర్తి చల్లదనం వైపు తిప్పండి. బ్లోయర్ (గాలి ఫ్యాన్) మధ్యస్థంగా, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే మీట) ఆన్‌లో, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఆగండి. మధ్య వెంట్‌లో సన్నటి కాడ ఉన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూడండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. సాధారణంగా 5 నుంచి 10 డిగ్రీలు వస్తే బాగున్నట్టే. తేమ ఎక్కువగా ఉన్న రోజు ఇంకొంచెం పైకి ఉండొచ్చు. 15 దాటితే మాత్రం ఎండలు వచ్చేదాకా ఆగకుండా చూపించుకోవాలి.

ఆ లోపం ఎలా ఉందో గమనించి చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. బండి కదులుతున్నప్పుడు చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగగానే వెచ్చగా వస్తుంటే మొదట అనుమానించాల్సింది కండెన్సర్ ఫ్యాన్‌ను, లేదా దుమ్ము, పురుగులు పట్టి మూసుకుపోయిన కండెన్సర్‌ను. ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే ఆ భాగం ముందు జాలీ వెనక, రేడియేటర్‌కు ముందు ఉంటుంది. మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే దాని సన్నటి రేకులు వంగిపోయి, గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. గాలి చల్లగానే ఉండి, జోరు లేకపోతే మొదట చూడాల్సింది లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీద ఉన్న బాణం గుర్తు గాలి పోయే దిక్కుకే ఉండాలి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఏడాది ఆగకుండా మార్చడమే మేలు. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి, ఉన్న కాస్త గాలీ ఆగిపోతుంది.

గ్యాస్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద సీళ్ల గుండా కొద్దిగా తగ్గొచ్చు గానీ, ఒక్క సీజన్‌లోనే గ్యాస్ తగ్గి చల్లదనం పోయిందంటే లీకు ఉన్నట్టే. అందుకే ప్రతి వేసవికీ గ్యాస్ పట్టించుకుని ఊరుకోవద్దు. ముందు లీకు వెతికించండి. జాయింట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడదు. ప్రెషర్ పెరిగి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ దెబ్బతింటుంది. ఆర్-134ఎ, ఆర్-1234వైఎఫ్ రెండూ వేర్వేరు గ్యాస్‌లు. ఒకదాంట్లో ఇంకొకటి కలపకూడదు.

ఇక రోజూ నడిపే తీరు. ఎండలో నిలిపిన కారులో గాలి బయటి గాలికన్నా చాలా వేడిగా ఉంటుంది. దాన్ని చల్లబరచడంకన్నా బయటికి పంపేయడం తేలిక. తలుపులు తీసి కాసేపు ఆగండి, లేదా అద్దాలు దించుకుని ఒకటి రెండు నిమిషాలు నడపండి. ఆ సమయంలో ఏసీ బయటి గాలి మోడ్‌లో, బ్లోయర్ ఎక్కువలో ఉండాలి. వేడి గాలి పోయాక అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ నొక్కండి. అప్పటి నుంచి ఏసీ అప్పటికే చల్లబడిన గాలినే మళ్లీ చల్లబరుస్తుంది గనుక కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది. ఎక్కగానే అద్దాలు మూసి రీసర్క్యులేషన్ వేస్తే ఆ మండే గాలినే లోపల తిప్పుకున్నట్టు.

అయితే రీసర్క్యులేషన్‌ను గంటలకొద్దీ అలాగే వదలొద్దు. నలుగురు ఉన్న కారులో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. తల బరువెక్కుతుంది, ఆవులింతలు వస్తాయి. డ్రైవర్‌కు అది ప్రమాదం. ప్రతి పావుగంట ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలి మోడ్ పెట్టండి.

నాబ్ ఉండే మామూలు ఏసీలో టెంపరేచర్‌ను వేడి వైపు తిప్పితే, చల్లబరచిన గాలిలోనే హీటర్ వేడిని కలుపుతారు. చల్లదనం వృథా. ఎక్కువగా అనిపిస్తే బ్లోయర్ తగ్గించండి. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ అయితే 23, 24 డిగ్రీలు పెట్టి ఆటోలో వదిలేయండి. మొదట్లో అది తనంతట తానే గట్టిగా పనిచేస్తుంది. వెంట్లు ముఖానికి గురిపెట్టకుండా భుజాల మీదుగా, కొంచెం పైకి తిప్పండి. చల్లగాలి బరువు కాబట్టి అదే కిందికి దిగి, వెనక సీటు దాకా చేరుతుంది.

వానల్లో అద్దం మసకబారితే ముందు వేలితో లోపల గీసి చూడండి. గీత పడితే మంచు లోపల ఉంది. డిఫాగర్ (గాలిని ముందు అద్దం మీదికి పంపే మీట), ఏసీ, బయటి గాలి మూడూ కలిపి వేయండి. రీసర్క్యులేషన్ ఆఫ్‌లో ఉండాలి. గీత పడకపోతే బయట ఉన్నట్టు. అద్దం మీదికి చల్లగాలి తగలడమే కారణం. వైపర్ వేసి, డిఫాగర్ ఆపి, టెంపరేచర్ కాస్త పెంచండి.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ టెంపరేచర్ సూది పైకి పోతోందా? వెంటనే ఏసీ ఆపండి. అద్దాలు దించి హీటర్ పూర్తిగా వేస్తే ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ఉక్కపోత భరించాల్సి వస్తుంది గానీ ఇంజన్ దక్కుతుంది. సూది ఇంకా దిగకపోతే పక్కన ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసుకుని, ఆగిన కారులో నిద్రపోవడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. షెడ్డు, బేస్‌మెంట్‌లలో ఇది ఇంకా ప్రమాదం. ఏసీ ఆపిన కారులో పిల్లల్నీ పెంపుడు జంతువులనూ ఐదు నిమిషాలకైనా వదలవద్దు, అద్దం కొంచెం దించినా సరే. పిల్లల శరీరం పెద్దలకన్నా చాలా వేగంగా వేడెక్కుతుంది.

బండి కింద నీళ్లు కారడం మంచి గుర్తే. అది కూలింగ్ కాయిల్ మీద చేరిన తేమ. ఆ నీళ్లు పక్క సీటు కింద మ్యాట్ మీద కనిపిస్తే మాత్రం డ్రైన్ పైపు మూసుకుపోయింది, శుభ్రం చేయించాలి. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తుంటే ఆ కాయిల్ తడిగా మిగిలి బూజు పట్టినట్టు. గమ్యం ఇంకా ఐదు నిమిషాలు ఉందనగా ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం బయటి గాలితో నడవనివ్వండి. కాయిల్ ఆరుతుంది. చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. లేకపోతే కంప్రెసర్ సీళ్లకు నూనె అందక ఎండిపోయి, వచ్చే వేసవికి అక్కడి నుంచే గ్యాస్ లీకవుతుంది.