ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు – 6వ పాఠం: సున్నపు తేటకు చుక్కల డోసర్

పోయిన పాఠంలో ఆర్వో చివర డీఐ రెసిన్ గొట్టం (ఆర్వో వదిలేసిన ఉప్పులను పట్టేసేది) తగిలించాం కదా, టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచేది) సున్నా చూపిస్తేనే ఈ పాఠంలోకి రండి. చూపించకపోతే ముందు ఆ రెసిన్ సంగతి తేల్చుకోండి. పగడాలు పెంచే మన ట్యాంకులో ఆవిరయ్యేది వట్టి నీళ్ళే, అందులో ఉన్నవన్నీ అక్కడే ఉండిపోతాయి. తరిగినప్పుడల్లా మన అనంతపురం బోరు నీళ్ళు పోస్తూ పోతే, వాటి ఉప్పులూ ఫ్లోరైడూ రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈసారి పగడాలకు మేత, అంటే కాల్షియం. సముద్రపు నీళ్ళలో లీటరుకు 420 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత, దాని యూనిట్ డీకేహెచ్) 7 డీకేహెచ్ చుట్టుపక్కల. సముద్రంలో తరిగేది లేదు గానీ మన 100 లీటర్ల ట్యాంకులో గట్టి పగడాలు నాలుగు పెరగడం మొదలెట్టాయంటే ఆ నిల్వ ఇట్టే అడుగంటుతుంది. సున్నపు తేట, అంటే సున్నం కలిపితే పైన తేరే నీళ్ళు, ఈ రెండింటినీ పగడం వాడుకునే పాళ్ళలోనే ఇస్తుంది. ఆవిరైన నీళ్ళ బదులు పోస్తాం కాబట్టి ఎంత ఆవిరైతే అంతకు మించి పోయలేం, ఈ పద్ధతికి ఉన్న ముఖ్యమైన హద్దు అది. ఎండాకాలం మన గాలికి ట్యాంకు మట్టం ఎలా దిగుతుందో చూస్తూనే ఉన్నారుగా, ఆ హద్దు మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఒంటికి పడని వేడి ఇక్కడైనా పనికొచ్చింది.

"సున్నానికి మనకేం కరువన్నా, ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయే కదా" అంటారు. నిజమే, కానీ గోడలకు కొట్టే సున్నం, తమలపాకు సున్నం రెండూ వద్దు, వాటిలో ఇంకేం కలిసి ఉంటుందో తెలియదు. ల్యాబ్ సామాన్లు అమ్మేచోట కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి అని అడిగి సీలున్న డబ్బా తెచ్చుకోండి. లీటరు నీళ్ళలో 20 డిగ్రీల దగ్గర 1.7 గ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 1.5 మాత్రమే. చక్కెరకు తలకిందులన్నమాట, వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. టీడీఎస్ సున్నా ఉన్న నీళ్ళు 5 లీటర్లకు 9 గ్రాములు వేస్తే కరిగేది కరిగి మిగతాది అడుక్కి దిగుతుంది. ఆ అడుగు ట్యాంకులోకి పోకూడదు, మనకు కావలసింది పైన తేరిన తేట మాత్రమే. దాని పీహెచ్ 12 దాటుతుంది, అంటే గాఢమైన క్షారం, కంట్లో పడితే కన్ను పోయేంత ప్రమాదం. కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా మూత తీయొద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు.

ఇక ఈ తేటను చుక్కచుక్కగా ట్యాంకులోకి దింపే డోసర్‌కు సామాను. పిండితే నొక్కుకుపోని గట్టి 5 లీటర్ల క్యాను, బిగుతు మూతతో. చీనీ తోటలకు డ్రిప్ వేసే సామాన్ల షాపులో రెండు రబ్బరు గ్రోమెట్లు (రంధ్రంలో బిగుతుగా కూర్చునే రింగులు). మెడికల్ షాపులో ఒక సెలైన్ సెట్. పెన్ను రీఫిల్ కన్నా కాస్త లావుగా ఉండే గట్టి ప్లాస్టిక్ గొట్టం.

క్యాను పక్కన అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తులో రంధ్రం చేసి గ్రోమెట్ కూర్చి, సెలైన్ సెట్ ముల్లు అందులోకి బిగువుగా దింపండి. ముల్లు దగ్గర గాలి వెళ్ళే చిన్న మూత ఉంటే అది మూసే ఉండాలి. మూతకు ఇంకో రంధ్రం, దానికీ గ్రోమెట్, అందులోంచి గట్టి గొట్టం లోపలికి దింపండి. దాని కింది కొస పక్క రంధ్రం కన్నా బొటనవేలెడు పైన ఆగాలి. అసలు కిటుకంతా ఈ గొట్టంలోనే ఉంది. మామూలు క్యానులో నీళ్ళు తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్క నెమ్మదిస్తుంది. ఇక్కడ గాలి గొట్టం కొస దగ్గరే లోపలికి వస్తుంది కాబట్టి పైన నీళ్ళు నిండుగా ఉన్నా సగమే ఉన్నా ఒత్తిడి ఆ కొస నుంచే లెక్క, చుక్క వేగం ఒకేలా ఉంటుంది. కరెంటుతో పని లేదు. మూత దగ్గర గాలి లీకైతే మాత్రం ఇదంతా దండగ, అందుకే ముందు మంచినీళ్ళు పోసి ఒక రాత్రంతా చూడండి. గొట్టంలోంచి బుడగలు ఒక్కొక్కటే పైకి లేస్తుంటే సరిగ్గా కుదిరినట్టు.

క్యానును ట్యాంకుకు రెండడుగుల పైన పెట్టి, సెలైన్ గొట్టం చివర నీళ్ళకు తగలకుండా, నీళ్ళు జోరుగా తిరిగేచోట గాల్లో వేలాడదీయండి. నీళ్ళలో మునిగితే చివర సున్నం పేరుకుని పూడిపోతుంది.

లెక్క చూద్దాం. మామూలు సెలైన్ సెట్‌కు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, ప్యాకెట్ మీద చూసుకోండి, 60 చుక్కలవీ ఉంటాయి. రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా అర లీటరు దిగాలంటే నిమిషానికి 17 చుక్కలు, లీటరు దిగాలంటే 33. వాచీ పెట్టుకుని చుక్కలు లెక్కపెడుతూ, చుక్క వేగం మార్చే సెలైన్ గొట్టం మీది చక్రం తిప్పండి. మొదటి వారం అర లీటరు చాలు. 100 లీటర్ల ట్యాంకుకు లీటరు తేట పోస్తే ఆల్కలినిటీ 1.1 డీకేహెచ్, కాల్షియం 8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పెరుగుతాయి, మీ పగడాలు రోజుకు ఎంత తింటున్నాయో టెస్ట్ కిట్‌తో చూసి దాన్ని బట్టి పెంచండి. రాత్రే ఎందుకంటే వెలుతురు లేనప్పుడు కార్బన్ డయాక్సైడు పెరిగి ట్యాంకు పీహెచ్ పడిపోతుంది, సున్నం దాన్ని పైకి లాగుతుంది. ఇంకో కారణం మన మధ్యాహ్నాలు: క్యానులో పైనున్న గాలి వేడికి వ్యాకోచించి తేటను కిందికి తోసేస్తుంది, లెక్క తప్పుతుంది. పగలు చక్రం మూసేయండి.

ఎప్పుడైనా నీళ్ళు పాలలా తెల్లబడితే పీహెచ్ ఎక్కువైందని అర్థం. వెంటనే చక్రం మూసి, ఉప్పు కలిపి సిద్ధంగా ఉంచిన నీళ్ళతో కొంత మార్చి, పీహెచ్ 8.4 కిందికి వచ్చేదాకా డోసింగ్ జోలికి పోవద్దు. గొట్టం కొసకు కట్టిన పొరకు వెనిగర్‌లో గంట నానబెడితే చాలు, గీకక్కర్లేదు.

వచ్చే పాఠం మెగ్నీషియం. సున్నపు తేటతో అది పెద్దగా రాదు, 1300 పీపీఎం దగ్గర నిలపాలి. అందాకా రోజూ ఒకే వేళకు డీకేహెచ్ చూసి, ట్యాంకు అద్దం మీద మట్టం గీత పెట్టి ఎంత ఆవిరవుతుందో లీటర్లలో రాసి పెట్టుకోండి, ఆ కాగితం లేకుండా తరువాతి లెక్కలు ముందుకు సాగవు.