వయసైపోయింది అనుకునే ముందు ఒకసారి కుర్చీలోంచి లేచి చూడండి

45 దాటినవాళ్లు నా దగ్గరికి నడుం పట్టుకునో, భుజం పట్టుకునో వస్తారు. నొప్పి ఎక్కడో చెప్పకముందే చాలామంది "ఇక వయసైపోయింది కదా మేడం" అనేస్తారు. నేను ఫిజియోథెరపిస్టుని, నాకూ 51 వచ్చాయి. వయసు మీద నేరం మోపే ముందు కాస్త విచారణ జరగాలంటాను. చాలా కేసుల్లో అసలు దొంగ వేరే ఉంటాడు.

ముందుగా ఒక వారం పాటు, ముసలితనం గుర్తొచ్చినప్పుడల్లా ఆ సమయం, అప్పుడు చేస్తున్న పని రాసుకోండి. "రోజంతా అలాగే ఉంది" అని రాస్తే ఒప్పుకోను. మెట్లెక్కుతుంటేనా, పొద్దున మంచం దిగుతుంటేనా, చిన్న అక్షరాలు చదువుతుంటేనా, పాతికేళ్లవాళ్ల మధ్య మీటింగులో కూర్చుంటేనా? మెట్ల దగ్గర ఆయాసానికి ఉన్న మందు మీటింగులో బెరుకుకి పనిచేయదు. అందుకే విడదీయమంటున్నాను.

చదవడం దగ్గరే ఇబ్బందయితే, అది అన్నిటికంటే తేలికైన కేసు. 40 దాటాక కంటి లోపలి లెన్స్ బిగుసుకుని, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడం కష్టమవుతుంది. అందరికీ వచ్చేదే. ఫోన్ని చెయ్యి చాచి పట్టుకుని చదువుతూ, సాయంత్రానికి తలనొప్పి తెచ్చుకుని, ఓపిక తగ్గిపోయిందనుకునేవాళ్లు ఎందరో. కళ్లజోడు పెట్టుకుంటే ముసలివాళ్లలా కనిపిస్తామని భయం. ఫోన్ అంత దూరంగా పట్టుకుంటే ఇంకా బాగా కనిపిస్తారు!

ఇక ఒంటి సంగతి. చేతులు పెట్టుకునే పట్టీలు లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి మళ్లీ కూర్చోగలరో లెక్కపెట్టండి. చేత్తో ఊతం తీసుకుంటే ఆ పరీక్ష పోయినట్టే. 60-64 ఏళ్ల స్త్రీలు 12 కంటే, పురుషులు 14 కంటే తక్కువ చేస్తేనే సగటు కన్నా వెనకబడ్డారని లెక్క. మీకు 48 ఉండి 11 దగ్గర ఆగిపోయారంటే తొడల్లో బలం తగ్గిందని అర్థం. బలం పెంచుకోవచ్చు కాబట్టి నన్నడిగితే ఇది మంచి వార్తే.

రెండో పరీక్ష ఒంటికాలి మీద నిలబడటం, గోడ పక్కనే. 2022లో వచ్చిన ఒక బ్రెజిల్ అధ్యయనంలో 51-75 ఏళ్ల వాళ్లు 1,702 మందిని పరీక్షిస్తే, దాదాపు ఐదుగురిలో ఒకరు 10 సెకన్లు నిలబడలేకపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో వాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. అలాగని కాలు కింద పెడితే ప్రాణం పోతుందని టెన్షన్ పడొద్దు. మామూలుగా చూస్తే బయటపడని బలహీనత ఇక్కడ బయటపడుతుంది, అంతే. పళ్లు తోముకునేటప్పుడు కాళ్లు మార్చి మార్చి సాధన చేయండి.

బలం పెంచుకోవడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. "రోజూ వాకింగ్ చేస్తున్నాను" అంటారు. నడక మంచిదే, నడకతో సరిపెట్టడమే నా గొడవ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు. ఆ రెండో సగం అందరూ మర్చిపోతారు. కుర్చీలోంచి లేవడం, గోడకి చేతులు ఆనించి పుష్-అప్, మునివేళ్ల మీద లేవడం, బరువున్న సంచి రెండు చేతులతో ఎత్తి దించడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. 12 సార్లు తేలిగ్గా అయిపోతున్నాయంటే బరువు పెంచాలి. ఏడాదిగా అదే అరకిలో డంబెల్ ఎత్తేవాళ్లకి డంబెల్‌తో పరిచయం పెరుగుతుంది, బలం పెరగదు. మర్నాడు, ఆ మర్నాడు కండలు పట్టేసినట్టుంటే ఫర్వాలేదు. కీలు వాచినా, పోటు పెట్టినా ఆపి చూపించుకోండి. మూడు నెలలయ్యాక మళ్లీ కుర్చీ పరీక్ష చేసుకోండి.

"40 రాగానే మెటబాలిజం పడిపోయింది" అనే మాట కూడా ఇక వదిలేయొచ్చు. 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే మనం ఖర్చుపెట్టే శక్తి 20 నుంచి 60 ఏళ్ల దాకా దాదాపు ఒకేలా ఉంటుంది.

నిద్రపోయి లేచినా అలసట తీరకపోతే వ్యాయామం కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, షుగర్, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ వయసు వేషంలో వస్తాయి. ఆడవాళ్లకి నెలసరి ఆగే ముందు ఏళ్లలో నిద్ర చెదరడం, ఒంట్లో ఆవిర్లు ఉంటాయి. వాటికీ వైద్యం ఉంది, ఓర్చుకుంటే ఎవరూ బహుమతి ఇవ్వరు. భుజం కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కూడా 40-60 మధ్యే ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లలో మరీనూ. చెయ్యి పైకి లేవక జీవితం అయిపోయిందనుకుంటారు. చాలామందికి అది మెల్లగా తగ్గుతుంది, కాకపోతే ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బిగువు, నొప్పి ఉంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే చూపించుకోండి.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటి ఉంది: నాకేం, ఇంకా పాతికేళ్లే అనుకోవడం. పదేళ్లు కదలకుండా కూర్చుని, ఒక ఆదివారం నేరుగా బ్యాడ్మింటన్ కోర్టులోకి దూకుతారు. వెనకనుంచి ఎవరో కాలి మీద తన్నినట్టనిపించి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పిక్కని మడమకి కలిపే ఎకిలిస్ టెండన్ తెగినప్పుడు చాలామంది చెప్పేది ఇదే. ఆడండి, కానీ దానికి ముందు ఆరేడు వారాలు పిక్కల్ని సిద్ధం చేయండి.

మనసులో చిన్నవాళ్లమనిపిస్తే మాత్రం సిగ్గుపడక్కర్లేదు. 2006లో వచ్చిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో 40 దాటినవాళ్లు సగటున తమ అసలు వయసుకంటే 20 శాతం తక్కువగా అనిపిస్తోందన్నారు. 50 ఏళ్ల మనిషికి 40లా ఉండటం మామూలేనన్నమాట. రాత్రి పార్టీకి వెళ్లాలనిపించకపోతే "ఈ వయసులో ఎందుకులే" అనకండి, "నాకు ఇష్టం లేదు" అనండి. చాలాసార్లు నిజం కూడా అదే.

మీటింగులో బెరుకున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటుంది. మీకు అస్సలు రానిది ఏదైనా, మీకంటే చిన్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి. తెలియదని ఒప్పుకోవడం అక్కడ అలవాటైతే ఆఫీసులో నోరు తెరవడం సులువవుతుంది. మొదటి నెల సిగ్గుగానే ఉంటుంది. నేనిప్పుడు ఈత నేర్చుకుంటున్నాను. మా బ్యాచ్‌లో పన్నెండేళ్ల అమ్మాయి "ఆంటీ, తల పక్కకి తిప్పినప్పుడే ఊపిరి తీసుకోవాలి" అని రోజూ చెబుతుంది. సరిగ్గానే చెబుతుంది, నాకే ఇంకా కుదరట్లేదు.