నేలపట్టు వెళ్తున్నారా? ముందు చెరువు సంగతి కనుక్కోండి

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి ఎప్పుడెళ్ళాలి అంటే అందరూ అక్టోబర్ నుంచి మార్చి అనేస్తారు, తప్పేం కాదు, కానీ నన్నడిగితే చూడాల్సింది క్యాలెండర్ కాదు చెరువు. ఈశాన్య రుతుపవనాలకి వానలు పడి చెరువు నిండితేనే గూడబాతులు, అదే మన పెలికాన్లు, గూళ్ళు కట్టేది. వాటికి కావాల్సింది నీళ్ళలో నిలబడ్డ కడప చెట్లు. నెలల తరబడి మొదలు నీళ్ళలో నానినా ఏమీ కాని చెట్టది, కింద నీళ్ళుంటే నక్కలూ అడవిపిల్లులూ గూటిదాకా రాలేవు, అందుకే ఆ చెట్టంటే అంత ఇష్టం. సో సూళ్ళూరుపేట వైపు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వానలు బాగా పడ్డాయా అని ఒక ఫోన్ కొట్టి అప్పుడు బయల్దేరండి.

చెన్నై-నెల్లూరు హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి, రైల్లో వస్తే సూళ్ళూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. టిఫిన్ అక్కడే చేసేయండి, నీళ్ళు పట్టుకెళ్ళండి.

పొద్దున్నే వెళ్ళండి. ఎర్ర చొక్కాలూ సెంట్లూ వద్దు. బైనాక్యులర్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, 8×42 అయితే చాలు, ఫోన్ జూమ్‌తో పెలికాన్ తెల్ల చుక్కలాగే కనిపిస్తుంది. వాచ్ టవర్ ఎక్కి వెంటనే ఫోటోలు మొదలెట్టకుండా ఒక్క చెట్టుని పట్టుకుని అరగంట చూడండి, ఏ కొమ్మ మీద నత్తగుల్ల కొంగ ఉంది, ఏది నీటికాకి, పులికాట్ సరస్సు నుంచి చేపలు తెచ్చిన తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల మొత్తం ఎలా దూర్చేస్తుందో, అది చూస్తే ఇంక కదలబుద్ధి కాదు. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్ళే చుట్టుపక్కల పొలాలకి ఎరువు, ఊరివాళ్ళు పిట్టల్ని ఊరికే కాపాడట్లేదు!

తిరిగొచ్చేటప్పుడు చెరువు చుట్టూ ఉన్న పొద అడవిని వదిలేయకండి, పాల చెట్లూ అల్లి చెట్లూ అక్కడివే. దేవాంగపిల్లి కూడా ఉంటుంది కానీ అది రాత్రి తిరిగేది, పగలు వెతికి టైమ్ వేస్ట్.

ఫ్లెమింగో ఫెస్టివల్, అదే ఇక్కడి పక్షుల పండుగ, ఆ రోజుల్లో జనం మామూలుగా ఉండరు, ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు తప్పించండి. సాయంత్రం టైముంటే శ్రీహరికోట రోడ్డు మీదకి పోనీయండి, నీళ్ళుంటే రెండు వైపులా పులికాట్‌లో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, తల కిందకి పెట్టి మేస్తూ కనిపిస్తాయి, కారు దిగకుండానే.