డిప్ప మెత్తబడిన తాబేటి పిల్ల: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

హనుమకొండలో మా వీధిలో ఉండే ఒక కుటుంబం ఊరు మారుతూ, ఫ్రిజ్ మీద గాజు గిన్నెలో పెంచుతున్న తాబేటి పిల్లను మా చేతికి ఇచ్చి వెళ్లింది. ఏడాది దాటిన పిల్ల అని చెప్పారు గానీ స్కేలు పెట్టి కొలిస్తే డిప్ప పొడవు 4.5 సెంటీమీటర్లే ఉంది. బంగారం తూచే చిన్న త్రాసు మీద పెడితే 19 గ్రాములు తూగింది. కళ్లు రెండూ ఉబ్బి మూసుకుపోయాయి. పొట్ట వైపు డిప్పను బొటనవేలితో మెల్లగా తాకితే లేత కొబ్బరిలా లోపలికి వంగింది. వాళ్లు దానిని ప్రేమగానే చూసుకున్నారు, రోజూ రెండు పూటలా మేత కూడా వేశారు. అయితే ఆ గిన్నెలో వెచ్చదనం లేదు, ఎండ లేదు, ఒళ్లు ఆరబెట్టుకోవడానికి అరచేయంత పొడి చోటు కూడా లేదు. ఇలాంటి పిల్లలను చూసినప్పుడల్లా నాకు బలపడే అభిప్రాయం ఒకటే: నీరసించిన తాబేలుకు మొదట కావలసింది మందూ కాదు, మేతా కాదు, వేడి. తరువాత శుభ్రమైన నీరు, ఆ తరువాత ఎండ, చివరన మేత. ఈ వరుస తప్పితే మంచి మేత కూడా చేటు చేస్తుంది.

ముందు అది ఏ తాబేలో తేల్చుకోవాలి

అక్వేరియం దుకాణాలలో అమ్మే ఆకుపచ్చని పిల్లలు చాలావరకు అమెరికా మూలాలున్న రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. కంటి వెనుక ఎర్రని చార, కాలివేళ్ల మధ్య పొర వీటి గుర్తులు. ఇవి నీటి తాబేళ్లు. ఈ వ్యాసం వీటి గురించే.

మీ చేతిలో ఉన్నదాని డిప్ప నల్లగా ఉండి, దాని మీద పసుపు చుక్కల నుంచి కిరణాల్లాగా గీతలు విచ్చుకుని ఉంటే, కాళ్లు ఏనుగు కాళ్లలా మందంగా ఉంటే, అది నక్షత్ర తాబేలు. అది నేల మీద బతికే జంతువు. లోతు నీటి తొట్టిలో వేస్తే మునిగి చనిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఇది ఉంది, 2019లో అంతర్జాతీయ వ్యాపారంపై కూడా నిషేధం వచ్చింది. ఇంట్లో ఉంటే కలిసి వస్తుందన్న నమ్మకంతో ఎవరైనా తెచ్చి ఇచ్చినా సరే, దానిని ఇంట్లో ఉంచుకోవడం నేరమే. అటవీ శాఖ కార్యాలయంలో అప్పగించడం ఒక్కటే మార్గం. మన చెరువుల్లో, వరి మళ్లలో దొరికే, తోలు కప్పినట్టుండే డిప్ప గల దేశీ తాబేలుకూ ఇదే చట్టం వర్తిస్తుంది. దాని డిప్ప అంచులు పుట్టుకతోనే మెత్తగా ఉంటాయి కాబట్టి దానిని రోగమనుకుని ఇంటికి తేవద్దు.

కదలదు, తినదు, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది

తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. నీరు చల్లబడితే దాని గుండె, ఊపిరి, అరుగుదల, రోగాన్ని ఎదుర్కొనే శక్తి అన్నీ కలిసి మందగిస్తాయి. వరంగల్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగే రోజులు ఉంటాయి. చిన్న గిన్నెలో అర లీటరు నీరు తెల్లారేసరికి గది చలికి సమానమవుతుంది. అప్పుడు పిల్ల ముడుచుకుని కూర్చుంటే "చలికాలం నిద్రపోతోంది, లేపవద్దు" అని పెద్దవాళ్లు అంటారు. బలంగా, కొవ్వు పట్టి ఉన్న పెద్ద తాబేలు శీతాకాలపు నిద్రను తట్టుకుంటుంది. నీరసించిన పిల్లకు ఆ నిద్ర నుంచి లేచే శక్తి ఉండదు.

నీటిని 26 నుంచి 28 డిగ్రీల మధ్య నిలపాలి. అక్వేరియం హీటరు, నీటిలో వేసే థర్మామీటరు రెండూ చేపల దుకాణాల్లో దొరుకుతాయి. 40 లీటర్ల తొట్టికి 50 వాట్ల హీటరు సరిపోతుంది. పిల్ల ఒళ్లు కాలకుండా హీటరుకు ప్లాస్టిక్ జాలీ తొడగాలి. చేతికి వెచ్చగా తగిలితే చాలునని అంచనా వేయవద్దు, ఎందుకంటే మన చేయి 37 డిగ్రీల ఒంటికి అలవాటు పడి ఉంటుంది. చల్లగా ఉన్న పిల్లను ఒక్కసారిగా వేడి నీటిలో ముంచకుండా కొన్ని గంటల మీద మెల్లగా వేడి పెంచాలి. కరెంటు పోయే రాత్రుల్లో తొట్టి చుట్టూ దుప్పటి చుట్టి, మూత గట్టిగా బిగించిన వేడినీళ్ల సీసాను లోపల ఒక మూల పెడితే తెల్లారేవరకు గడుస్తుంది.

మొదటి వారం రోజూ 15 నుంచి 20 నిమిషాలు, మెడ వరకు వచ్చే గోరువెచ్చని నీటి పళ్లెంలో పిల్లను ఉంచి మీరు పక్కనే కూర్చోవాలి. నీరసించిన పిల్ల ఒంట్లో తేమ తగ్గి ఉంటుంది. ఇలా కూర్చోబెడితే అది నీరు తాగుతుంది, మలమూత్రాలు విడుస్తుంది. ఒళ్లు వెచ్చబడి, తనంతట తాను కాళ్లాడించే వరకు మేత వేయకూడదు. చల్లని పొట్టలో మేత అరగదు, అక్కడే కుళ్లుతుంది. ఆకలితో ఉన్నదాన్ని చూస్తూ మేత ఆపడం మనసుకు కష్టమే అయినా ఆ ఒకటి రెండు రోజులు ఆగక తప్పదు.

డిప్ప మెత్తగా ఉంది, వంగుతోంది, అంచులు పైకి లేస్తున్నాయి

గుడ్డు నుంచి కొత్తగా బయటికి వచ్చిన పిల్ల డిప్ప కొంచెం వంగడం సహజం. నెలలు గడిచినా గట్టిపడకపోయినా, గట్టిగా ఉన్నది మళ్లీ మెత్తబడినా, ఎముకకు సున్నం, అంటే కాల్షియం, అందడం లేదని అర్థం. తాబేటి డిప్ప అంటే పైన తొడుక్కున్న కవచం కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసి పరుచుకున్న ఎముకే అది. నెత్తురులో కాల్షియం తగ్గినప్పుడు శరీరం ఆ ఎముకను కరిగించి తీసుకుంటుంది. బాగా ముదిరితే కాళ్లు వణుకుతాయి, దవడ మెత్తబడి మేత కొరకలేదు.

దీనికి రెండు లోపాలు కలిసి కారణమవుతాయి. ఒకటి మేత: దుకాణంలో డబ్బాల్లో అమ్మే ఎండు రొయ్యలను మాత్రమే వేయడం. అది తాబేలు ఇష్టంగా తినే చిరుతిండే తప్ప పూర్తి ఆహారం కాదు. రెండవది ఎండ. ఎండలోని యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కిటికీ పక్కన ఎండ పడేచోటే పెట్టామని చాలామంది అంటారు గానీ, కిటికీ అద్దం వెలుగును, వేడిని రానిస్తుంది, యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. అందుకే గాజు తొట్టిని ఎండలో పెట్టడం రెండు విధాలా తప్పు: కావలసిన కిరణం అందదు, నీరు మాత్రం ఉడుకుతుంది.

పిల్లను వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చి, సగానికి నీడ ఉండేలా చెక్క గానీ గోనెసంచి గానీ కప్పి, నేరుగా పడే ఎండలో రోజూ అరగంట ఉంచాలి. చలికాలంలో ఉదయం 9 తరువాత, వేసవిలో 7 నుంచి 8 మధ్య అనువైన వేళ. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పది గంటలకు డాబా మీద మరిచిపోయిన చిన్న తొట్టిలో పిల్ల బతకదు. ఎండలో పెట్టినంత సేపూ మనిషి దగ్గరే ఉండాలి. కాకులు, పిల్లులు కూడా పొంచి ఉంటాయి.

అపార్ట్‌మెంటులో ఎండ దొరకనివారు సరీసృపాల కోసం తయారైన యూవీబీ ట్యూబు కొనాలి. మామూలు ఎల్‌ఈడీ బల్బు ఆ పని చేయదు. తాబేలుకూ ట్యూబుకూ మధ్య గాజు ఉండకూడదు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా దాని యూవీబీ నెలనెలా తగ్గిపోతుంది కాబట్టి, తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుంచి 12 నెలలకు, మార్చేయాలి. నీటి నుంచి పూర్తిగా బయటికి వచ్చి కూర్చోగలిగే దిమ్మ ఒకటి తప్పనిసరి. దాని మీద 32 నుంచి 34 డిగ్రీల వేడి ఉండేలా మామూలు ఫిలమెంట్ బల్బు వేలాడదీస్తే చాలు. దిమ్మకు వాలుగా ఎక్కే దారి లేకపోతే బలహీనమైన పిల్ల ఎక్కలేక నీటిలోనే ఉండిపోతుంది. మేము ఒక పెంకును వాలుగా ఆనించాము, మరుసటి రోజుకే ఎక్కి వెనుక కాళ్లు చాపి పడుకుంది.

కాల్షియం కోసం ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు అని అమ్మే తెల్లని ముక్కను నీటిలో వేసి ఉంచితే అదే కొరుక్కుంటుంది. దవడ మెత్తబడిన పిల్లకు మాత్రం దానిని పొడి చేసి మేత మీద చల్లాలి. డిప్ప గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటికే వంకర తిరిగిన ఆకారం మాత్రం సరికాదు, కొత్తగా పెరిగే భాగం సరిగా వస్తుంది.

కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి

ఇది సాధారణంగా విటమిన్ ఏ లోపం, మురికి నీరు రెండూ కలిసిన ఫలితం. విటమిన్ ఏ తగ్గితే కంటి చుట్టూ ఉన్న గ్రంథులు వాచి మూసుకుంటాయి, దాని మీద మలమూత్రాల నుంచి పుట్టిన అమ్మోనియా మంట పెడుతుంది. కన్ను కనిపించని తాబేలు మేతను వెతుక్కోలేదు; మనమేమో దానికి ఆకలి లేదనుకుంటాము.

నీటిని వెంటనే మార్చాలి. ఫిల్టరు లేని తొట్టిలో రోజూ సగం నీరు, రెండు మూడు రోజులకొకసారి మొత్తం మార్చాలి. కుళాయి నీటిని ముందురోజు బకెట్లో పట్టి ఉంచి వాడాలి. మేతలో తురిమిన క్యారెట్టు, మునగాకు, స్లైడర్ల కోసం అమ్మే మంచి మేత గుళికలు చేర్చాలి. ఇంట్లో ఉన్న మనుషుల కంటి చుక్కలు వేయవద్దు, వాటిలో స్టెరాయిడ్లు ఉండవచ్చు. విటమిన్ ఏ ఇంజెక్షను మోతాదు మించితే చర్మం పొరలుగా ఊడిపోతుంది, అందుచేత అది పశువైద్యుడు తూకం చూసి వేయవలసిన మందు. మేము తెచ్చుకున్న పిల్లకు వైద్యుడు ఇంజెక్షను చేసిన తరువాత పదకొండో రోజు ఎడమ కన్ను సన్నగా విచ్చుకుంది. ఆ కన్నుతోనే గుళికను చూసి మెడ చాపింది.

ఒక పక్కకు ఒరిగి తేలుతోంది, ముక్కులో బుడగలు

ఇక్కడ ఇంటి వైద్యానికి చోటు లేదు. ఒక ఊపిరితిత్తిలో చీము చేరితే ఆ వైపు బరువెక్కి తాబేలు ఒరిగిపోతుంది. నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ చాపి ఆయాసపడటం న్యుమోనియా గుర్తులు. నీటి లోతు డిప్ప ఎత్తుకు తగ్గించి, వేడిని 28 డిగ్రీల దగ్గర నిలిపి, అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. వరంగల్ శివారులో మామునూరు దగ్గర పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా సరీసృపాలను చూసిన అనుభవం ఉన్నవారెవరని ముందే అడగండి. తీసుకువెళ్లేటప్పుడు నీటిలో కాకుండా తడి గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టాలి.

ఒక్క మాట మరిచిపోవద్దు: గేదెలకు, కుక్కలకు పురుగుల కోసం మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. ఎవరు సలహా ఇచ్చినా దానిని వాడనివ్వకండి.

డిప్ప మీద మచ్చలు, పొరలు

పలుచని, గాజులాంటి పొరలు ఊడటం ఎదుగుదలలో భాగం, వాటిని గోటితో లాగవద్దు. పచ్చని పాచిని మెత్తని పళ్ల బ్రష్షుతో తుడిస్తే పోతుంది. గుంట పడి, వాసన వస్తూ, తెల్లగానో గులాబీ రంగులోనో మెత్తబడిన మచ్చ ఉంటే అది కుళ్లు. గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేలా నీటిలో కలిపి, రోజుకు ఒకసారి దూదితో అద్ది, వెచ్చని పొడి డబ్బాలో కొన్ని గంటలు ఆరనిచ్చి మళ్లీ నీటిలో వదలాలి. వారంలో మానకపోయినా, ఎముక కనిపించినా, రక్తపు చారలు ఉన్నా వైద్యుడికి చూపించాలి.

అన్నీ బాగున్నా పెరగడం లేదు

పై లోపాలు సరిదిద్దాక కూడా ఎదగకపోతే తొట్టిని, మేతను చూడాలి. డిప్ప ప్రతి 2.5 సెంటీమీటర్ల పొడవుకు సుమారు 40 లీటర్ల నీరు కావాలన్నది పెంపకందారుల లెక్క. తొట్టి చిన్నదైతే తాబేలు దానికి సరిపడా చిన్నగా ఉండిపోతుందన్న మాట అబద్ధం. అది ఎదుగుదల ఆగిన రోగిగా ఉండిపోతుంది.

కోలుకుంటున్న పిల్లకు గుళికలు దాని తల పరిమాణమంత, రోజుకు ఒకసారి వేయాలి. పావుగంటలో తినని మేతను తీసేయాలి. మందార ఆకు, మునగాకు, గుర్రపుడెక్క లేత ఆకులు నీటిలో తేలనివ్వవచ్చు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి దానిని తరచుగా పెట్టకూడదు. అన్నం, రొట్టె, పాలు అసలు వద్దు. వానపామును వారానికి ఒకసారి ఇవ్వవచ్చు. ఇన్నాళ్లూ ఎండిపోయింది గదా అని ఎక్కువ మేపితే డిప్ప గుట్టలుగా పెరుగుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. వారానికి ఒకసారి ఒకే వేళకు, మేతకు ముందు తూచి పుస్తకంలో రాసుకోండి. వరుసగా రెండు వారాలు తూకం తగ్గితే మళ్లీ థర్మామీటరు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మా పిల్ల మొదటి నెలలో 19 నుంచి 22 గ్రాములకే వచ్చింది. ఆరో నెలకు 53 గ్రాములు తూగింది, పొట్ట వైపు డిప్ప గోటితో తడితే టక్కుమని మోగింది.

తొట్టిని వంటగది సింకులో కడగవద్దు. తాబేళ్ల ఒంటి మీద మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఈ కారణంగానే అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఆడ స్లైడర్ 25 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది, బాగా చూసుకుంటే 30 ఏళ్లు బతకగలదు. పెంచలేని రోజు వస్తే వడ్డేపల్లి చెరువులోనో, భద్రకాళి చెరువులోనో, పాకాలలోనో వదలవద్దు. ప్రపంచంలో అత్యంత నష్టం చేసే 100 ఆక్రమణ జాతులలో ఒకటిగా దీనిని గుర్తించారు. ఇది మన దేశీ తాబేళ్ల మేతను, ఎండ కాగే రాళ్లను లాక్కుంటుంది. దానికి బదులు పెంచగలిగిన మరొకరికి హీటరు, దిమ్మ, లైటుతో సహా, మీరు రాసుకున్న తూకాల పుస్తకంతో సహా అప్పగించండి.