జపాన్ జాతీయ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ ప్రవేశ పరీక్ష: విదేశీ విద్యార్థులకు దరఖాస్తు విధానం

జపాన్‌లో పీజీ ప్రవేశాలకు దేశమంతటికీ కలిపి ఒక పరీక్ష అంటూ లేదు. ఒకే విశ్వవిద్యాలయంలో కూడా ఇంజినీరింగ్ వాళ్ల పరీక్ష వేరు, ఇన్ఫర్మేషన్ సైన్స్ వాళ్ల పరీక్ష వేరు. తేదీలు, సిలబస్, అడిగే పత్రాలు అన్నీ వేరే. ప్రవేశాలు నడిపేది కెన్క్యూక అనే పీజీ విభాగం. దాని కింద సెన్కో అనే శాఖలుంటాయి. అందుకే ఫలానా విశ్వవిద్యాలయం పరీక్ష ఎప్పుడని వెతికితే జవాబు దొరకదు. కెన్క్యూక, సెన్కో రెండూ తేల్చుకున్నాకే అసలు పని మొదలవుతుంది. ఈజేయూ అనే పరీక్ష పేరు చూసి దానికి చదవడం మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. అది ప్రధానంగా బ్యాచిలర్స్ ప్రవేశాల కోసం పెట్టింది. మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు దాని మీద నెలలు పోగొట్టుకోవద్దు.

ముందుగా చేతిలో ఉండాల్సింది మీరు ఎంచుకున్న కెన్క్యూక ప్రకటించే ప్రవేశ నిబంధనల పుస్తకం. దాన్ని బొషూ యోకో అంటారు. వేసవి పరీక్షలకు సంబంధించినది సాధారణంగా వసంతకాలంలో వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడతారు. అది వచ్చేదాకా ఆగకుండా గత ఏడాది ప్రతిని చదివి సిద్ధం కండి. కొత్తది రాగానే తేదీలు, ఇంగ్లిష్ స్కోరు నిబంధన, పరీక్ష సబ్జెక్టులు ఈ మూడూ మారాయేమో పోల్చి చూడండి. ఇంగ్లిష్ అనువాదం ఉన్నచోట కూడా తేడా వస్తే జపనీస్ ప్రతే చెల్లుతుందని చాలాచోట్ల స్పష్టంగా రాస్తారు. జపనీస్ రాకపోయినా గడువులు, పత్రాల పట్టిక ఉన్న పేజీలను అసలు ప్రతిలో సరిచూసుకోవాల్సిందే.

అదే పుస్తకంలో మీరు ఏ పద్ధతి కింద దరఖాస్తు చేస్తున్నారో కూడా చూడాలి. జపాన్ విద్యార్థులతో కలిసి రాసే సాధారణ ఎంపిక ఒకటి, విదేశీ విద్యార్థుల ప్రత్యేక ఎంపిక ఇంకొకటి. పూర్తిగా ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులకు చాలాచోట్ల విడి ప్రవేశ విధానం ఉంటుంది. అందులో రాత పరీక్ష లేకుండా పత్రాల పరిశీలన, ఇంటర్వ్యూలతోనే ఎంపిక ముగుస్తుంది. మీకు సరిపడే కోర్సు ఇలాంటిదైతే రాత పరీక్షకు కూర్చోవాల్సిన పనే ఉండదు. కాబట్టి ఇది మొదట్లోనే తేల్చుకోండి.

అర్హత: 16 ఏళ్ల చదువు లెక్క

మాస్టర్స్‌కి ప్రాథమిక అర్హత మొత్తం 16 ఏళ్ల చదువు. ఇంటర్ వరకు 12 ఏళ్లు, ఆపైన నాలుగేళ్ల బీటెక్ అయితే లెక్క సరిపోతుంది. మూడేళ్ల బీఎస్సీ, బీకాం, బీఏ చేసినవాళ్లకు 15 ఏళ్లే వస్తాయి. అంతమాత్రాన దారి మూసుకుపోదు. 2016లో వచ్చిన సవరణ ప్రకారం విదేశాల్లో కనీసం మూడేళ్ల కోర్సు పూర్తిచేసి బ్యాచిలర్స్‌కి సమానమైన డిగ్రీ పొందినవాళ్లు కూడా అర్హులే. కాకపోతే ఆ విశ్వవిద్యాలయానికి అక్కడి ప్రభుత్వం లేదా అధికారిక మదింపు సంస్థ గుర్తింపు ఉండాలి. 15 ఏళ్ల చదువును మంచి మార్కులతో పూర్తిచేసినవాళ్లను కెన్క్యూక ఒప్పుకునే నిబంధన ఇంకొకటి. ఇవేవీ వర్తించకపోతే, 22 ఏళ్లు నిండినవాళ్ల చదువును, అనుభవాన్ని విడిగా పరిశీలించి అర్హత ఇచ్చే పద్ధతి ఉంది.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ దారుల్లో కొన్నింటికి ముందస్తు అర్హత పరిశీలన తప్పనిసరి. దాని గడువు అసలు దరఖాస్తు కంటే చాలా ముందు, ఒక్కోచోట నెలకు పైగా ముందే, ముగుస్తుంది. మార్కుల జాబితాతో పాటు కోర్సు సిలబస్, క్రెడిట్ల వివరాలు కూడా అడుగుతారు. అది దాటిపోయాక ప్రధాన గడువులోపు ఎంత చక్కగా దరఖాస్తు పంపినా తీసుకోరు. దరఖాస్తు ఫారంలో అర్హతల జాబితాలోని ఏ సంఖ్య కింద వస్తారో రాయమంటారు. అనుమానం ఉంటే ఆ సంఖ్యను, మీ డిగ్రీ పేరును, చదివిన ఏళ్లను రాసి ప్రవేశాల కార్యాలయానికి మెయిల్ పెట్టండి. వచ్చిన జవాబును దాచుకోండి.

చివరి ఏడాది చదువుతున్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. ఏప్రిల్‌లో చేరాలంటే మార్చి 31లోపు డిగ్రీ పూర్తయి ఉండాలి. మే, జూన్‌లలో కోర్సు ముగిసేవాళ్లకు ఆ ఏడాది ఏప్రిల్ కుదరదు. అక్టోబరు ప్రవేశాలు ఉన్న కెన్క్యూకను వెతుక్కోవాలి, లేదంటే తర్వాతి ఏప్రిల్‌కి రాయాలి.

ప్రొఫెసర్‌తో ముందస్తు సంప్రదింపు

జపాన్ పీజీలో మీరు చేరేది కోర్సులో మాత్రమే కాదు, ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో కూడా. చాలా విభాగాలు దరఖాస్తుకు ముందే ఆ ప్రొఫెసర్‌ని సంప్రదించి, చేర్చుకోవడానికి అభ్యంతరం లేదన్న మాట తీసుకోమంటాయి. దీన్ని నైదాకు అంటారు. ఇది సీటు ఇచ్చినట్టు కాదు, పరీక్ష రాయక తప్పదు. క్యోటో విశ్వవిద్యాలయంలోని చాలా విభాగాలు, జపాన్ బయట చదివినవాళ్లు నేరుగా ప్రొఫెసర్‌కి రాయకుండా ఏఏఓ అనే ప్రవేశ సహాయ కార్యాలయం ద్వారా రావాలంటాయి. ముందు అక్కడి నియమం చూసుకుని తర్వాతే రాయండి.

మెయిల్ పొడుగ్గా ఉండక్కర్లేదు. మీరెవరు, ఏ కెన్క్యూకకు ఏ నెల ప్రవేశానికి రాస్తున్నారు, డిగ్రీ ప్రాజెక్టులో ఏం చేశారు, ఆ ప్రొఫెసర్ పరిశోధనా పత్రాల్లో దేన్ని చదివి ఏ ప్రశ్న వెంట వెళ్లాలనుకుంటున్నారు అన్నవి చాలు. రెజ్యూమె, మార్కుల జాబితా, పరిశోధన ప్రణాళిక ముసాయిదా జతచేయండి. అందరికీ ఒకే మెయిల్ పేరు మార్చి పంపితే అది చదవగానే తెలిసిపోతుంది, జవాబు రాదు. ఒకే విభాగంలో ఇద్దరికి ఒకేసారి రాయడం కూడా మర్యాద కాదు. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయవచ్చు.

నేరుగా మాస్టర్స్‌కి రాసే ధైర్యం లేనివాళ్లు ముందు కెన్క్యూసెయిగా, అంటే డిగ్రీ రాని పరిశోధక విద్యార్థిగా, ఆరు నెలలో ఏడాదో చేరి అక్కడే పరీక్షకు సిద్ధం కావచ్చు. జాతీయ విశ్వవిద్యాలయాల్లో దీనికి ప్రామాణిక రుసుములు దరఖాస్తుకు 9,800 యెన్లు, ప్రవేశానికి 84,600, నెలకు 29,700. జపనీస్‌లో జరిగే పరీక్ష రాయాల్సినవాళ్లకు ఈ దారి మేలైనది. అయితే కెన్క్యూసెయిగా చేరినంత మాత్రాన మాస్టర్స్ సీటు రాదు. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ మీద పరిశోధక విద్యార్థిగా వెళ్లినవాళ్లకూ ప్రవేశ పరీక్ష నెగ్గితేనే మాస్టర్స్.

భాషా స్కోర్లు

చాలా కెన్క్యూకలు ఇంగ్లిష్ పేపరు పెట్టకుండా టోఫెల్, టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడుగుతాయి. ఏది ఒప్పుకుంటారన్నది చోటును బట్టి మారుతుంది. ఇక్కడ చూడాల్సినవి నాలుగు. స్కోరుకు రెండేళ్ల చెల్లుబాటు ఏ తేదీ నుంచి లెక్కిస్తారు? ఇంటి నుంచి రాసిన పరీక్షను ఒప్పుకుంటారా? టోఫెల్‌ను పలుసార్లు రాసినప్పుడు మెరుగైన విభాగాలను కలిపి చూపే మైబెస్ట్ స్కోరును లెక్కిస్తారా? చాలామంది లెక్కించరు. నాలుగోది, పరీక్ష సంస్థ నుంచి నేరుగా రిపోర్టు వెళ్లాలా, మీ చేతిలోని ప్రతి చాలా? నేరుగా వెళ్లాలంటే రిపోర్టు చేరాల్సిన విభాగం కోడ్ నంబరు బొషూ యోకోలో ఉంటుంది. ఒకే విశ్వవిద్యాలయంలో విభాగానికో కోడ్ ఉండవచ్చు, పొరపాటున పక్క విభాగానికి వెళ్లిన రిపోర్టును ఎవరూ వెతికి ఇవ్వరు. స్కోరు వచ్చి, రిపోర్టు అక్కడికి చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి దరఖాస్తు గడువుకు కనీసం రెండు నెలల ముందు పరీక్ష రాసేయండి.

జపనీస్ మాధ్యమంలో చదవాలంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో పై స్థాయిలైన ఎన్1 లేదా ఎన్2 అడుగుతారు. ఇది ఏడాదిలో జులై, డిసెంబరు నెలల్లోనే జరుగుతుంది. మొత్తం 180 మార్కులకు ఎన్1లో 100, ఎన్2లో 90 రావాలి, మూడు విభాగాల్లోనూ విడివిడిగా 19 తగ్గకూడదు. జులైలో రాసినదాని ఫలితం ఆగస్టు చివర్లో వస్తుంది. జూన్, జులైలో ముగిసే దరఖాస్తులకు అది అందదు, ముందటి డిసెంబరులోనే రాసి ఉండాలి.

పత్రాలు, రుసుం, గడువు

సాధారణంగా అడిగేవి దరఖాస్తు ఫారం, మార్కుల జాబితా, డిగ్రీ పట్టా లేదా ఉత్తీర్ణత కానున్నట్టు ధ్రువపత్రం, పరిశోధన ప్రణాళిక, సిఫార్సు లేఖలు, పాస్‌పోర్టు ప్రతి, ఫొటో. పట్టా ఒక్కటే ఉంటుంది కాబట్టి అసలును పోస్టులో పంపకండి. మీ విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన ప్రతిని తెప్పించుకోండి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే పత్రం జతచేయాలి. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్న పేరునే అదే వరుసలో రాయాలి. ఇంజినీరింగ్, సైన్స్ విభాగాల్లో భద్రతా ఎగుమతి నియంత్రణకు, అంటే సున్నితమైన సాంకేతికత విదేశాలకు పోకుండా చూసే నిబంధనలకు, సంబంధించిన ఫారం కూడా ఉంటుంది, దాని పరిశీలనకు సమయం పడుతుంది.

జాతీయ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ దరఖాస్తు రుసుం 30,000 యెన్లు. విదేశాల నుంచి కట్టేవాళ్లకు ఎక్కువగా క్రెడిట్ కార్డే దారి, ఎందుకంటే కన్వీనియన్స్ స్టోర్లో కట్టే పద్ధతి జపాన్‌లో ఉన్నవాళ్లకే. మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. దరఖాస్తు స్వీకరించాక రుసుం తిరిగి రాదు. మెక్స్ట్ స్కాలర్‌షిప్ మీద ఉన్నవాళ్లకు ఈ రుసుం ఉండదు, దానికి రుజువు జతచేయాలి.

ఆన్‌లైన్‌లో వివరాలు నింపడంతో దరఖాస్తు పూర్తయిందనుకోకండి. చాలా విభాగాలు ముద్రించిన పత్రాలు పోస్టులో కూడా రావాలంటాయి. గడువు పక్కన హిచ్చాకు అని ఉంటే పత్రాలు ఆ తేదీకల్లా కార్యాలయానికి చేరాలి. కెషిఇన్ యూకో అని ఉంటే ఆ తేదీ పోస్టు ముద్ర ఉంటే చాలు. కానీ ఈ సడలింపు జపాన్ లోపలి పోస్టుకే అని కొన్నిచోట్ల రాస్తారు. సమయం ఎప్పుడూ జపాన్ కాలమానమే. మనకంటే అది మూడున్నర గంటలు ముందు, సాయంత్రం 5 గంటల గడువంటే మనకు మధ్యాహ్నం 1:30కే ముగుస్తుంది. ట్రాకింగ్ ఉన్న ఈఎంఎస్ (అంతర్జాతీయ స్పీడ్ పోస్టు) లేదా కొరియర్‌లో పది, పదిహేను రోజుల ముందే పంపండి.

రాత పరీక్షకు సిద్ధం కావడం

సైన్స్, ఇంజినీరింగ్ పరీక్షలు ఎక్కువగా ఆగస్టులో, హ్యుమానిటీస్ వైపు చాలా పరీక్షలు జనవరి, ఫిబ్రవరిలో జరుగుతాయి. పాత ప్రశ్నపత్రాలను కాకోమోన్ అంటారు, సిద్ధం కావడానికి వీటిని మించిన ఆధారం లేదు. చాలా విభాగాలు కొన్నేళ్ల పత్రాలను వెబ్‌సైట్‌లో పెడతాయి. కొన్నిచోట్ల కార్యాలయంలోనే చూడాలి. జవాబులు మాత్రం సాధారణంగా ఇవ్వరు. కాబట్టి సరిచూడడానికి మీ కళాశాల అధ్యాపకులెవరినైనా ముందే అడిగి పెట్టుకోండి.

బహుళైచ్ఛిక ప్రశ్నలకు అలవాటు పడినవాళ్లకు ఇక్కడ పద్ధతే మారిపోతుంది. గణితంలో లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్, డిఫరెన్షియల్ సమీకరణాలు, సంభావ్యత తరచుగా కనిపిస్తాయి. ఒక్కో ప్రశ్న ఐదారు చిన్న భాగాలుగా ఉంటుంది, మొదటి భాగంలో రాబట్టిన ఫలితంతోనే తర్వాతివి నడుస్తాయి. ఉదాహరణకు ముందు ఒక మాత్రిక ఐగెన్ విలువలు కనుక్కోమంటారు, తర్వాత దాని n వ ఘాతం, చివరికి n అనంతానికి పోతే ఏమవుతుందో చూపమంటారు. మొదట్లో ఒక గుర్తు తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. అందుకే ఐగెన్ విలువల మొత్తం మాత్రిక ట్రేస్‌కి సమానమైందా లేదా అని అక్కడికక్కడే సరిచూసుకుని ముందుకు వెళ్లే అలవాటు చేసుకోండి. జవాబు ఒక్కటే రాస్తే సరిపోదు, దారి మొత్తం చూపాలి. రెండో భాగం రాకపోయినా అందులో నిరూపించమన్నదాన్ని తీసుకుని మూడో భాగం చేయవచ్చు.

ప్రశ్నలు జపనీస్‌లోనే ఉంటే చివర వచ్చే క్రియను పట్టుకోవాలి. మొతొమెయో అంటే కనుక్కోమని, షిమెసె అంటే చూపమని, షోమెయి సెయో అంటే నిరూపించమని, నొబెయో అంటే వివరించమని. తదాషి అని మొదలయ్యే వాక్యంలో షరతు ఉంటుంది, దాన్ని చదవకుండా వదిలితే లెక్కే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో జవాబు రాయడానికి అనుమతి ఉందేమో బొషూ యోకోలో చూడండి. చాలాచోట్ల ప్రశ్నకో సమాధాన పత్రం ఇస్తారు, ఎంచుకున్న ప్రశ్న సంఖ్య ప్రతి పత్రం మీదా రాయాలి.

పరీక్షకు జపాన్ వెళ్లాలంటే హాల్‌టికెట్, అంటే జుకెన్‌హ్యో, చూపి స్వల్పకాలిక వీసా తీసుకోవాలి. పర్యాటకుల ఈ-వీసా ఈ పనికి కాదు. హాల్‌టికెట్ రావడానికీ పరీక్షకూ మధ్య గడువు తక్కువ ఉంటుంది కాబట్టి మిగతా వీసా పత్రాలన్నీ ముందే సిద్ధంగా ఉంచుకోండి.

మౌఖిక పరీక్షలో అడిగేది ఎక్కువగా మీ పరిశోధన ప్రణాళిక గురించే. ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారు, డేటా ఎక్కడి నుంచి వస్తుంది, రెండేళ్లలో ఎంతవరకు చేయగలరు అన్న ప్రశ్నలకు జవాబు ఉండాలి. ప్రణాళికలో రాసిన ప్రతి పదం వెనకున్న ప్రాథమిక అంశాన్ని బోర్డు మీద వివరించగలిగేలా ఉండండి.

ఫలితాల తర్వాత

ఫలితాలు పేరుతో కాదు, అభ్యర్థి నంబరుతో వెబ్‌సైట్‌లో పెడతారు. చేరే ప్రక్రియకు ఇచ్చే గడువులోపు ప్రవేశ రుసుం కట్టాలి. జాతీయ విశ్వవిద్యాలయాల్లో ప్రామాణికంగా అది 282,000 యెన్లు, కట్టాక తిరిగి ఇవ్వరు. ఏడాది ఫీజు 535,800 యెన్లు. దీనిపై 20 శాతం వరకు పెంచుకునే వీలు విశ్వవిద్యాలయాలకు ఉంది, విదేశీ విద్యార్థుల విషయంలో 2024 నుంచి ఆ పరిమితి కూడా లేదు. ఫీజు మినహాయింపుకు దరఖాస్తు విడిగా, వేరే గడువుతో ఉంటుంది.

విద్యార్థి వీసాకు ముందు నివాస అర్హత ధ్రువపత్రం, సీఓఈ, రావాలి. మీ తరఫున విశ్వవిద్యాలయమే ఇమిగ్రేషన్ కార్యాలయానికి దరఖాస్తు చేస్తుంది. దీనికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఆగస్టు పరీక్ష నెగ్గి ఏప్రిల్‌లో చేరేవాళ్లకు ఇబ్బంది లేదు. ఫిబ్రవరి పరీక్ష రాసి విదేశం నుంచి వచ్చేవాళ్లకు ఏప్రిల్ తరగతులు మొదలయ్యేలోపు అది చేతికి రాకపోవచ్చు. అందుకే ఖర్చులు ఎవరు భరిస్తారో చూపే బ్యాంకు నిల్వ పత్రం, ఆదాయ రుజువులు పరీక్షకు వెళ్లే ముందే సిద్ధం చేసి, ఫలితం వచ్చిన వారంలోనే పంపండి. సీఓఈ జారీ అయిన మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగుపెట్టాలి.