రెండు సెక్షన్ల మార్కులకు ఏ టెస్ట్ పెట్టాలి?

డిసర్టేషన్ల సీజన్ వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒకటే ప్రశ్న: "మేడమ్, టీ టెస్ట్ పెట్టాలా, మాన్-విట్నీ పెట్టాలా?" రెండూ, రెండు సెట్ల మార్కుల మధ్య కనిపించే తేడా నిజమైనదా, అనుకోకుండా వచ్చిందా అని తూచే లెక్కలే. ముందు నీ ఎక్సెల్ షీట్ తెరువమ్మా అంటాను. జవాబు సగం అందులోనే దొరుకుతుంది.

మొదట చూడాల్సింది, ఒక వరసలో ఉన్న రెండు మార్కులూ ఒకే పిల్లవాడివా అని. పాఠానికి ముందూ తర్వాతా అదే పిల్లలకు పరీక్ష పెడితే అవి జతలు. ఎ సెక్షన్, బి సెక్షన్ అయితే వేర్వేరు గుంపులు. నా ఎంఈడీలో నేను తప్పింది సరిగ్గా ఇక్కడే. వైవాలో తల ఎత్తలేకపోయాను.

ఆ తప్పు ఎంత ఖరీదైనదో ఎనిమిది మంది మార్కులతో చూపిస్తాను. పరీక్ష 20 మార్కులకు. ముందు: 12, 15, 9, 18, 11, 14, 7, 16. తర్వాత, అదే వరసలో: 14, 16, 12, 19, 13, 15, 10, 17. అందరికీ పెరిగాయి, సగటున 1.75. వేర్వేరు గుంపులనుకుని లెక్క కడితే టీ (మార్కుల చెదురుతో పోలిస్తే తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) 1.06, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా అనుకోకుండా కనిపించే అవకాశం) 0.3 దరిదాపుల్లో. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదని రాసేస్తాం. జతల టీ టెస్ట్ పెడితే టీ 5.58, పి 0.001 కంటే తక్కువ! 7 మార్కుల పిల్లవాడికీ 18 మార్కుల పిల్లవాడికీ మధ్య ఉన్న దూరం మొదటి లెక్కలో అడ్డొచ్చింది. రెండో లెక్క ఎవరికి ఎంత పెరిగిందో మాత్రమే చూసింది. (పెరిగింది మీ పాఠం వల్లేనా అన్నది వేరే సంగతి. పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే అది ఏ టెస్టూ చెప్పదు.)

గుంపులు వేర్వేరైతే నేను నేరుగా వెల్చ్ టీ టెస్ట్ (రెండు గుంపుల చెదురు సమానమని అనుకోని టీ టెస్ట్) పెట్టమంటాను. ఒక సెక్షన్‌లో 42 మంది, ఇంకోదాంట్లో 19 మంది ఉండి, ఒకదాంట్లో మార్కులు బాగా చెదిరి ఉంటే మామూలు టీ టెస్ట్ మోసం చేస్తుంది, వెల్చ్ తట్టుకుంటుంది. చెదురు సమానంగా ఉన్నా దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఎక్సెల్ టీ.టెస్ట్ ఫార్ములాలో మొదటి రెండూ మీ మార్కుల కాలమ్‌లు. మూడో విలువ 2 ఉంచండి, తేడా ఎటు ఉన్నా పట్టుకునేలా రెండు వైపులా చూస్తుంది. నాలుగోది 1 అయితే జతలకు, 3 అయితే వెల్చ్. 2 వేస్తే చెదురు సమానమని ఒప్పుకున్నట్టే.

నార్మాలిటీ (మార్కులు గంట ఆకారంలో పరుచుకున్నాయా అన్నది) అంటే పిల్లలకు ఎక్కడలేని టెన్షన్. ముందు ఒక్కో మార్కుకూ ఒక్కో చుక్క పెట్టి గీసి చూడండి. జతలైతే చూడాల్సింది మార్కుల్ని కాదు, తేడాల్ని. చుక్కలు మధ్యలో గుమిగూడి అటూ ఇటూ పలచబడితే టీ టెస్ట్ చాలు. అసలు గాసెట్ అనే గణాంకవేత్త గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ 1908లో 'స్టూడెంట్' పేరుతో ఈ లెక్క రాసిందే చిన్న శాంపిల్స్ కోసం.

గుంపు చిన్నదై, ఒకరిద్దరి మార్కులు ఎక్కడో విసిరేసినట్టు ఉంటేనో, "పూర్తిగా ఒప్పుకుంటాను" లాంటి అయిదు గడుల టిక్కు ఒక్కటే మీ స్కోరు అయితేనో మాన్-విట్నీకి వెళ్ళండి. అది మార్కుల్ని వదిలేసి ర్యాంకుల్ని చూస్తుంది. జతలైతే దాని బదులు విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్, అది తేడాల ర్యాంకుల్ని చూస్తుంది. టీ టెస్టూ, ర్యాంకుల టెస్టూ రెండూ పెట్టి చూసి, పి తక్కువ వచ్చినదాన్ని రాసుకునేవాళ్ళున్నారు. నా దగ్గర అది నడవదు. మార్కులు చేతికి రాకముందే ఏ టెస్టో సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) రాయించి సంతకం పెడతాను.