టీర్ దేవుడి పేరును గుర్తుపట్టడం ఎలా

జర్మానిక్ (ఉత్తర ఐరోపా పాత తెగల) దేవుళ్లలో ఓడిన్‌కీ థోర్‌కీ కథలు బోలెడు. టీర్‌కు కథలు తక్కువ, పేరు ఆనవాళ్లే ఎక్కువ. కాబట్టి పేరుతోనే మొదలుపెట్టాలి.

ముందు మూడు రూపాలు రాసుకోండి: పాత నార్స్‌లో (స్కాండినేవియా పాత భాష) టీర్, పాత ఇంగ్లీషులో టీవ్, పాత హై జర్మన్‌లో (నేటి జర్మన్‌కు పాత రూపం) ట్సీయో. జర్మన్‌లో పదం మొదటి 'ట' 'ట్స' కావడం మామూలే. ఇంగ్లీషు 'టెన్' అక్కడ 'ట్సేన్'. భాషావేత్తలు ఊహించి కట్టిన మూలరూపం టీవజ్. ఇది సంస్కృత 'దేవ' శబ్దానికి తోబుట్టువు. గ్రీకుల దేవరాజు జ్యూస్‌కు సరిజోడు మాత్రం సంస్కృత 'ద్యౌః' (ఆకాశం). ధాతువు ఒకటే అయినా పదాలు వేరు, కనుక టీరే జ్యూస్ అని రాయకండి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: నార్స్‌లో 'టీర్' అంటే ఏ దేవుడైనా కావచ్చు. సిగ్‌టీర్, హంగటీర్ అనేవి ఓడిన్ బిరుదులు. సమాసం చివర 'టీర్' కనిపిస్తే ముందు సామాన్య నామంగానే తీసుకోండి. 1811లో స్లొవేనియాలో దొరికిన 26 నెగావ్ శిరస్త్రాణాల్లో ఒకదాని మీద 'హరిగస్తి తేవ' అని ఉంది. అదీ 'దేవుడు' అనే మాటే కావచ్చు. టీర్‌కు తొలి సాక్ష్యమని తేల్చేయడం తొందరపాటు.

తర్వాత వారాల పేర్లు చూడండి. రోమన్ల యుద్ధదేవుడు మార్స్ రోజు మనకు కుజుడి మంగళవారం. జర్మానిక్ జనం మార్స్ స్థానంలో టీవ్‌ను నిలిపారు: ఇంగ్లీషు ట్యూజ్‌డే, స్వీడిష్ టీస్‌డాగ్ అలా వచ్చాయి. జర్మన్ డీన్స్‌టాగ్‌ను నేరుగా ఈ వరుసలో కలపకూడదు. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ దగ్గర హౌస్‌స్టెడ్స్‌లో జర్మానిక్ సైనికులు 3వ శతాబ్దంలో నిలిపిన బలిపీఠం మీద 'మార్స్ థింక్సస్' అని ఉంది. 'థింగ్' అంటే న్యాయసభ. డీన్స్‌టాగ్‌ను ఈ బిరుదుతోనే ముడిపెడతారు. ఐస్‌లాండ్‌లోనైతే ఈ రోజు పేరు 'మూడో రోజు' అనే. అన్యదేవతల పేర్లను అక్కడి చర్చి తీసివేయించింది. పురాణాలను అందరికంటే బాగా దాచుకున్న దేశమూ అదే! వారంలో పేరు లేనంత మాత్రాన దేవుణ్ని ఎరగరని అనుకోవద్దు.

ఊరి పేర్లకు ఇప్పటి స్పెల్లింగ్ పనికిరాదు. ఇంగ్లండ్‌లోనైతే 1086 నాటి భూముల సర్వే డూమ్స్‌డే బుక్‌లో ఊరు ఎలా నమోదైందో వెతకండి. వార్విక్‌షైర్‌లోని టైసో అందులో 'టిహెస్‌హోచె': టీవ్ పేరుకు కొండకొమ్మును చెప్పే 'హోహ్' చేరింది. డెన్మార్క్‌లో టిస్సో సరస్సును చూడండి. పేరు టీర్‌దని చెబుతారు, నీళ్లలో పాత ఆయుధాలూ దొరికాయి.

కథకు వస్తే, ఐస్‌లాండ్ రచయిత స్నోరి సుమారు 1220లో రాసిన పురాణగాథల గ్రంథం ఎడ్డాయే ముఖ్య ఆధారం. దేవుళ్లు బంధించబోతే ఫెన్రిర్ అనే తోడేలు రెండు సంకెళ్లు తెంచుకుంది. మూడోది గ్లైప్నిర్, పట్టుదారంలా మెత్తనిది. మోసం లేదనడానికి హామీగా ఎవరైనా నోట్లో చెయ్యి పెట్టాలని తోడేలు పట్టుబడితే, టీర్ ఒక్కడే కుడిచెయ్యి పెట్టి పోగొట్టుకున్నాడు. తండ్రి ఎవరన్నది రాసేటప్పుడు ఆధారం పేరు తప్పక చెప్పండి: స్నోరి ఓడిన్ అంటాడు, 'హిమిస్‌క్విద' కవిత హిమిర్ అనే రాక్షసుణ్ని చూపిస్తుంది.

పైకి చూసే బాణంలా ఉండే రూన్ (పాత జర్మానిక్ లిపి) అక్షరం కూడా ఇతని పేరుదే. పచ్చబొట్టుగానో లోగోగానో వాడేముందు ఒక్క సంగతి తెలుసుకోండి: నాజీల ఎస్‌ఏ అనే అర్ధసైనిక దళం తన నాయకత్వ పాఠశాలల బ్యాడ్జీగా దీన్నే వాడింది. నేటి నియో నాజీ గుంపులూ వాడుతున్నాయి.